ఆపా మాఫ్ చేయలేదు

ఆపా పోయిందన్న కబురు అందేసరికి నేను నాగర్‌కర్నూల్‌లో డ్యూటీలో ఉన్నాను. వనపర్తిలో మేమిద్దరం కలిసి పనిచేసిన దవాఖాన నుంచి ఆయమ్మ ఫోన్ చేసింది. "ఆపా లేదమ్మా. పొద్దున నమాజు చదువుకుంట గట్లనే ఒరిగిపోయిందంట" అని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆమె ఉసురు పోసుకున్నవాడు బతికే ఉన్నాడు, ఆపా పోయింది అని ఒళ్ళంతా మండిపోయింది. ఆపా సొంతూరు గద్వాలకు బస్సెక్కిన తర్వాత కూడా ఆ మంట చల్లారలేదు.

ఆపా అంటే అక్క. మా ఎమర్జెన్సీ వార్డుకు ఆమె హెడ్ సిస్టర్. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోగికి ఆక్సిజన్ పెట్టడం నాకు నేర్పింది ఆమే. అందులో నేర్చుకోవడానికి ఏముంటుందని మీరనుకోవచ్చు. అది కూడా మందే. ఎవరికి ఎంత పెట్టాలి, ఏ మాస్క్ పెట్టాలి అన్నది తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఆపా మాస్క్‌ను ముందు తన చెంపకు ఆనించుకునేది. గాలి తగిలాకే రోగి ముఖానికి పెట్టేది. ఊపిరందక గుడ్లు తేలేసే వాళ్ళ చెవి దగ్గర వంగి, "నేనున్న, మెల్లగ గుంజు" అనేది. మాతో మాత్రం కటువుగానే ఉండేది. "గాలి పెట్టినమంటే మాటిచ్చినట్టు. మధ్యల గుంజుకోవద్దు" అనేది.

ఆ మాట వెనక ఆమె తమ్ముడున్నాడు. గద్వాలలో ఆటో నడిపేవాడు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఎక్కడా మంచం దొరక్క అక్కడే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. పత్తి విత్తనాల వ్యాపారంలో ఎదిగిన ఒక పెద్దమనిషి దాన్ని నడిపేవాడు. అతని పేరు నేను రాయను. ఆపాను తలుచుకునే చోట ఆ పేరు ఉండకూడదు. ఆ రోజు అతనికి కావలసినవాళ్ళెవరో ఆయాసంతో వచ్చారు. సిలిండర్లు లేవు. అతను వార్డంతా కలయజూసి, ఆపా తమ్ముడి మంచం దగ్గర ఆగాడు. "ఆటో తోలేటోనికి ఇంకెంతసేపు పెడ్తరు? తియ్యుండ్రి" అన్నాడు. తమ్ముడి చేతులు పట్టుకుని కూర్చున్న ఆపా ఆ సిలిండర్ వెంట పరుగెత్తింది, అతని కాళ్ళు పట్టుకుంది. ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి తమ్ముడు లేడు.

పోలీసులకు అతను చెప్పింది ఒకటే మాట: రోగే మాస్క్ పీకేసుకున్నాడని.

సిలిండర్ తీసినదానికంటే ఆ అబద్ధమే ఆపాను ఎక్కువ కాల్చింది. "తమ్ముని రెండు చేతులు నా చేతుల్ల ఉండె. ఏ చేత్తోని పీకిండు?" అని కనిపించిన ప్రతివాళ్ళనూ అడిగేది. కేసు వేసింది. రాజీకి పెద్దమనుషులు వచ్చారు. మాఫ్ చేస్తే అల్లా మెచ్చుతాడని చెప్పారు. ఆపా వాళ్ళకు చాయ్ ఇచ్చి, తాగేదాకా ఆగి, "ఇగ పోండ్రి, నాకు డ్యూటీ ఉంది" అంది. అతను మాత్రం ఆయాసమని, జ్వరమని కోర్టుకు రాకుండా ఏళ్ళు దొర్లించాడు.

ఒక మధ్యాహ్నం అతన్నే మా వార్డుకు తీసుకొచ్చారు. నాగర్‌కర్నూల్‌లో పెళ్ళికి వెళ్ళొస్తుంటే దారిలో ఊపిరాడలేదట. కారులో పెట్టుకున్న సిలిండర్‌ను కొడుకు పూర్తిగా తిప్పి వదిలాడు. మనిషి చెమటలో తడిసిపోయాడు, కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను గుర్తుపట్టాను. అంత గాలి అతనికి ప్రమాదమనీ తెలుసు. ఆపా చెవిలో, "పెట్టుకొచ్చింది వాళ్ళే కదా, గట్లనే ఉండనియ్యి. మనల్ని ఎవరడుగుతరు?" అన్నాను. అలా అన్నందుకు నాకు ఇవాళ్టికీ సిగ్గు లేదు.

ఆపా నన్ను ఒక్క చూపు చూసింది. "చస్తే నా తమ్ముని సంగతి ఎవరు చెప్తరు? సావుల దాక్కోనియ్య. వీడు కోర్టుకు రావాలె" అంది. వేరే మాస్క్ తీసి, తన చెంపకు ఆనించుకుని చూసి, అతని ముఖానికి పెట్టి గాలి తగ్గించింది.

కొడుకు ఆమెను గుర్తుపట్టి మీదికొచ్చాడు. "గాలి తగ్గిస్తున్నవా? నీ తమ్ముని పగ మా నాయిన మీద తీర్సుకుంటున్నవా?"

"మీ నాయినది నిద్ర గాదు" అంది ఆపా, గొంతు పెంచకుండా. "సిగరెట్లు తాగి తాగి పాడైన ఊపిరితిత్తులు. గిసుంటోళ్లకు ఆక్సిజన్ మస్తు ఇస్తే చెడుగాలి బయటికి పోక లోపలనే నిండుతది, సోయి తప్పుతది. ఇంక జరసేపు నీ తీర్గనే ఉంచితే లేవకపోతుండె."

అప్పటికే డాక్టరుగారు వచ్చి నాడి చూస్తున్నారు. ఆపా చేసింది సరైనదేనని చెప్పి, ఊపిరిని లోపలికి నెట్టే మెషిన్ పెట్టించారు. సాయంత్రానికి అతను కళ్ళు తెరిచాడు. వార్డులో ఉన్నన్ని రోజులూ ఆపా వేళకు మందులిచ్చింది, పాత సంగతి ఒక్కటీ ఎత్తలేదు. డిశ్చార్జి రోజు మాత్రం సెలవు పెట్టి, యూనిఫాం లేకుండా గేటు బయట నిలబడింది. "లోపల నువ్వు నా పేషెంటువి. ఇప్పుడు గేటు దాటినవ్. ఇగ కోర్టుల కలుద్దాం" అంది.

ఈసారి అతను వచ్చాడు. ముక్కుకు ట్యూబు, పక్కన చిన్న సిలిండర్. అతని వకీలు పాత అబద్ధమే మొదలుపెట్టాడు. ఎదురుగా ఆపా, చూపు తిప్పకుండా చూస్తోంది. అతను చెయ్యెత్తి వకీలును ఆపాడు. "నేనే తియ్యమన్న" అన్నాడు. బయటికొచ్చాక వరండాలో ఆపా ముందు చేతులు జోడించి, మాఫ్ చెయ్యమని ఏడ్చాడు.

"గాలి అడిగినవ్, ఇచ్చిన" అంది ఆపా. "మాఫీ ఇయ్య."

శిక్ష పడింది. కానీ పైకోర్టుకు వెళ్ళి బెయిలు తెచ్చుకున్నాడు. జైలుకు పోయేది కళ్ళారా చూడాలన్న ఆమె కోరిక తీరలేదు. ఆ లోటు నాది కూడా. చూడడానికి ఇక నేను వెళ్తాను.

గద్వాలలో ఆపా ఇంటికి చేరేసరికి జనాజా లేస్తోంది. తమ్ముడితో కలిసి ఆటోలు నడిపినవాళ్ళే ఆ పాడెను మోస్తున్నారు. ఆడవాళ్ళతోపాటు గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇంతలో గల్లీ మొదట్లో కారు దిగి, సిలిండర్ ఈడ్చుకుంటూ అతను వచ్చాడు. నెత్తికి రుమాలు కట్టుకున్నాడు. జనాజాకు భుజం ఇస్తానంటే ఎవరినీ కాదనరు. అతను ముందుకొచ్చి చెయ్యి చాచాడు. మోసేవాళ్ళు భుజానికి భుజం ఆనించి దగ్గరికి జరిగారు. అతను అటువైపు తిరిగి వెళ్ళాడు, అటువైపు వాళ్ళూ జరిగారు. దూరడానికి చెయ్యంత సందు కూడా ఇవ్వలేదు. జనాజా మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన గల్లీలో, ఎండలో, చాచిన చెయ్యి ఇంకా దించుకోకుండా అతనొక్కడే నిలబడి ఉన్నాడు.