దక్షిణామూర్తి గారు చావనివ్వని ప్రెసిడెంటు

మా దక్షిణామూర్తి అంకుల్‌కి ఒకే ఒక్క పిచ్చి. ఏ మాట మొదలుపెట్టినా అది అటు తిరిగి ఇటు తిరిగి అమెరికా రెండో ప్రెసిడెంటు జాన్ ఆడమ్స్ దగ్గరికే చేరాలి. మంచు పడుతోందంటే, "ఆడమ్స్ ఫ్రాన్స్‌కి ఓడెక్కింది కూడా ఇలాంటి చలికాలంలోనే" అంటారు. బస్సు రాలేదంటే ఆడమ్స్ గుర్రం గుర్తొస్తుంది. ఒకసారి లిఫ్టులో ఓ చైనా పెద్దావిడ ఆయన్ని చూసి ఊరికే నవ్వింది. పాపం, ఆవిడ అంతస్తు వచ్చేలోపు ఆడమ్స్‌కి పెళ్లి చేసేశారు.

"మొదటి ప్రెసిడెంటు ఉండగా ఈయనెందుకు అంకుల్?" అని అడిగాను.

"మొదటివాడి గురించి అందరూ చెబుతారోయ్ అభిరామ్. రెండోవాడికి ఎవరున్నారు?" అన్నారు. టొరంటో బళ్లల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఈ చరిత్ర గోలేమిటో మాకు అర్థమయ్యేది కాదు.

అవి కెనడా కాలేజీలకి మావాళ్లు విమానాలు నింపుకుని వచ్చి పడుతున్న రోజులు. నేను, సాయి కిరణ్, లింగయ్య టొరంటో తూర్పు కొస స్కార్‌బరోలో ఓ టవర్లో ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం. పక్క ఫ్లాట్ అంకుల్‌ది. ప్రతి శనివారం సాయంత్రం ఆయన హాల్లో ఆడమ్స్ జీవితం నడిచేది. టవర్లో ఉన్న తెలుగు స్టూడెంట్లందరూ హాజరు. కాంతం ఆంటీ వడ్డిస్తూ ఉండేది, అంకుల్ చెబుతూ ఉండేవారు.

"ఊరికే పెట్టను. వినాలి. వినేవాళ్లు లేక నా నోరు పడిపోతోంది" అనేవారు. ముసలాయన సరదా కదా అని మేమూ విని పెట్టేవాళ్లం. సాయి కిరణ్ మాత్రం వేర్‌హౌస్ షిఫ్టు నుంచి నేరుగా వచ్చి, కంచం ముందు కూర్చునే నిద్రపోయేవాడు. పప్పు గరిటె చప్పుడుకి లేచేవాడు.

ఇందులో ఒక వింత ఉంది. ఈ ఆడమ్స్ చచ్చేవాడు కాదు. లాయరయ్యేవాడు, ప్రెసిడెంటయ్యేవాడు, ఓడిపోయేవాడు, ముసలివాడై పాత స్నేహితుడికి ఉత్తరాలు రాసేవాడు. హమ్మయ్య, ఇంకో వారంలో పోతాడు అనుకుంటే, ఆ శనివారం మళ్లీ ఉయ్యాల్లో ఉండేవాడు.

"అంకుల్, ఈయన పోయేదెప్పుడు?" అని లింగయ్య అడిగితే, "పెద్దాయన. నిమ్మళంగా పోతాడులే" అని దాటేసేవారు.

అంతా బాగానే జరుగుతుండగా బూట్ల వల్ల కొంప మునిగింది. మనవాళ్లు చెప్పులేసుకుని ఇంట్లోకి అడుగు పెట్టరు గదా. అందరి స్నో బూట్లూ కారిడార్‌లోనే ఉండేవి. ఆ వరస అంకుల్ గుమ్మం దాటి మా గుమ్మం దాకా పాకింది. ఎవరో ఫొటో తీసి బిల్డింగ్ ఆఫీసుకి పంపారు. అక్కణ్నుంచి అది నార్త్ యార్క్‌లో ఉండే మా ఫ్లాట్ ఓనర్ విశ్వేశ్వరరావు గారికి చేరింది.

ఆయన ఫోన్ చేశారు. "ముగ్గురికి రెంట్‌కి ఇచ్చాను. బూట్లు చూస్తే ఊరంతా మకాం పెట్టినట్టుంది. బిల్డింగ్ వాళ్లు నాకు వార్నింగ్ ఇచ్చారు. శనివారం వచ్చి చూస్తా. ఎక్స్‌ట్రా మనుషులున్నారని తేలితే ఖాళీ చేసేయండి."

"సార్, వాళ్లంతా పక్కింట్లో ఆడమ్స్ కథ వినడానికి వస్తారు సార్."

"ఎవరి కథ?"

"అమెరికా రెండో ప్రెసిడెంటు సార్."

"బాబూ, నేనూ హాస్టల్లో ఉండొచ్చినవాణ్నే. అబద్ధమైనా కాస్త నమ్మేలా చెప్పాలి" అని పెట్టేశారు.

అది జనవరి. స్టూడెంట్లంటే ఇల్లు ఇవ్వని రోజులు. సాయి కిరణ్ అంతకు ముందు చలికాలం ఎవరెవరి హాళ్లల్లోనో సూట్‌కేస్ పక్కన పడుకుని గడిపినవాడు. వాడు అన్నం మానేశాడు.

ఈ ఒక్క శనివారం కథ ఆపేయమని అంకుల్‌ని బతిమాలాం.

"ఆపేదే లేదు. బోస్టన్‌లో జనం మీద కాల్పులు జరిపిన ఇంగ్లీషు సిపాయిల కేసు ఏ లాయరూ ముట్టుకోనంటే ఆడమ్స్ ముందుకొచ్చాడు. మీ కేసు నేను చూసుకుంటా" అన్నారు ఛాతీ విరుచుకుని.

"ఆ సిపాయిలు గెలిచారా అంకుల్?" అన్నాడు లింగయ్య ఆశగా.

"చాలామంది బయటపడ్డారు."

"చాలామందా?"

"ఇద్దరికి మాత్రం బొటనవేలి మీద వాత పెట్టి వదిలేశారు."

లింగయ్య తన బొటనవేలు చూసుకున్నాడు.

శనివారం విశ్వేశ్వరరావు గారు రానే వచ్చారు. కారిడార్‌లో బూట్ల వరస చూడగానే మొహం ఎర్రబడింది. మా ఫ్లాట్‌లోకి నడిచి గోడ అల్మారాలు తెరిచారు, కర్టెన్లు దులిపారు, బాత్‌టబ్‌లోకి కూడా తొంగిచూశారు. మూడు పరుపులు తప్ప ఏమీ దొరకలేదు.

"మిగతావాళ్లని ఎక్కడ దాచారు?" అంటూ వేసుకున్న బూట్లతోనే అంకుల్ ఇంట్లోకి దూసుకెళ్లారు. వెనకాలే మేము ముగ్గురం. హాలు నిండా పిల్లలు కంచాలతో కూర్చుని ఉన్నారు. చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది అందరికీ.

"ఏమిటి మాస్టారూ ఇది? ఇంతమందినీ ఇక్కడా అక్కడా సర్ది పడుకోబెడుతున్నారా? అసలు వీళ్లంతా ఎందుకొచ్చారు?"

మేమందరం అంకుల్ వైపు చూశాం. లిఫ్టులో పరాయివాళ్లని కూడా వదలని మనిషికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? అంకుల్ నోరు తెరిచారు. పిల్లల కంచాల వైపు చూశారు. నోరు మూసుకున్నారు.

"ఏదో... కాలక్షేపానికి" అన్నారు నేల చూపులు చూస్తూ. ఆడమ్స్ పేరు కూడా ఎత్తలేదు. మా ప్రాణాలు పోయాయి.

"అర్థమైంది. నెలాఖరుకి ఖాళీ చేయండి" అన్నారు విశ్వేశ్వరరావు గారు మాతో. వెళ్లబోతూ సాయి కిరణ్ ముందు ఆగారు. "ఏమయ్యా, కథ వింటున్నామన్నారుగా. ఏం విన్నావో చెప్పు."

అంతమందిలో వాడే దొరకాలా! నిద్ర తప్ప ఏమీ ఎరగనివాడు. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆడమ్స్ లాయర్ సార్. సిపాయిల కేసు వాదించాడు. ఆ రోజు గుత్తివంకాయ. తర్వాత కొడుకుని తీసుకుని ఓడెక్కితే తుఫాను వచ్చింది సార్. ముద్దపప్పు, ఆవకాయ. ప్రెసిడెంటయ్యాక, పూర్తిగా కట్టని వైట్‌హౌస్‌లోకి దిగాడు. వాళ్లావిడ పెద్ద హాల్లో బట్టలారేసింది. అప్పుడు పులిహోర. ఎలక్షన్లో ఓడిపోయి తెల్లారకముందే ఊరొదిలి వెళ్లిపోయాడు సార్. ఆ వారం నాకు షిఫ్టులు పోయాయి. ఆంటీ మజ్జిగపులుసు రెండుసార్లు వేశారు." ఆగి, మెల్లిగా అన్నాడు. "వారం మొత్తంలో కడుపు నిండా తినేది ఇక్కడే సార్."

అంకుల్ కసిరారు. "కూర్చోరా. ఆయన అడిగింది ఆడమ్స్ గురించి."

వంటింటి గుమ్మంలోంచి కాంతం ఆంటీ గరిటెతో సహా వచ్చింది. "ఇంకా ఎందుకండీ దాపరికం? పిల్లలు చిన్నబోతారనేగా నోరు కట్టేసుకున్నారు? బాబూ, ఈయనకి చరిత్రంటే గిట్టదు. ఇదివరకు మీ ఫ్లాట్‌లోనే చాందిని అనే పిల్ల ఉండేది. బ్రెడ్డు తిని బతికేది. భోజనానికి రమ్మంటే 'ఇప్పుడే తిన్నా ఆంటీ' అనేది. ఊరికే పెడితే తినే పిల్ల కాదు. లైబ్రరీవాళ్లు పాత పుస్తకాలు అమ్ముతుంటే ఈయన చేతికందింది ఒకటి తెచ్చాడు, అది ఈ ఆడమ్స్ కథ. 'వినే దిక్కులేదు తల్లీ, వచ్చి విని పెట్టు, భోజనం పెడతా' అన్నాడు. ఆ పిల్ల ఈయన మీద జాలిపడి వచ్చింది. వీళ్లూ అంతే, జాలిపడి వస్తున్నారు."

నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ముసలాయనకి మేమేదో ఉపకారం చేస్తున్నామనుకుంటూ ఇన్నాళ్లూ మూడో వాయి అన్నం కలుపుకున్నాం!

"మరి ఆడమ్స్‌ని చంపరెందుకు ఆంటీ?" అన్నాడు లింగయ్య.

"ఆయన పోతే కథ అయిపోదూ? ఆ పై శనివారం ఏ వంక పెట్టుకుని వస్తారర్రా మీరు?" అంది. "మొదట్లో వంకే. ఇప్పుడు నిజంగానే పట్టుకుంది. నిద్రలో కూడా ఆడమ్సే. నేను ఎవరితో చెప్పుకోను?"

విశ్వేశ్వరరావు గారు గిరుక్కున తిరిగి గుమ్మం దాటారు. అయిపోయింది, వెళ్లిపోయారనుకున్నాం. ఆయన కారిడార్‌లో వంగి బూట్లు విప్పుకుంటున్నారు. మళ్లీ లోపలికొచ్చి, తన బూట్ల నుంచి కారిన మంచునీళ్లు తనే టిష్యూతో తుడిచారు.

"రేపు షూ ర్యాకులు తెచ్చిస్తా. బూట్లు లోపలే పెట్టుకోండి. ఆఫీసువాళ్లతో నేను మాట్లాడతా" అన్నారు. సాయి కిరణ్ పక్కన జాగా చేసుకుని కూర్చున్నారు. ఆంటీ కంచం పెట్టింది. ఆయన కాస్త మొహమాటపడి అన్నారు. "అది సరే మాస్టారూ, ఇంతకీ ఆ ఆడమ్స్ ఎలా పోయాడు?"

అంకుల్ మొహంలోకి కళ తిరిగి వచ్చింది. కళ్లజోడు సర్దుకున్నారు.

"తొందరేముందండీ. ముందు చెయ్యి కడుక్కోండి. ఆడమ్స్ వాళ్ల నాన్న రైతు. చలికాలం వస్తే బూట్లు కుట్టేవాడు..."