జేబులో ఉండిపోయిన ఫ్యూజు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదేళ్లు నిండని ఒక ఎండాకాలంలో, కరెంటు శాఖ ప్రొద్దుటూరు సెక్షన్‌లో నేను సూపర్‌వైజరుగా ఉన్నాను. కొత్తగా వేస్తున్న లైను పని చూడమని నన్ను పులివెందులకు క్యాంపు పంపారు. సూపర్‌వైజరంటే పైన అసిస్టెంట్ ఇంజనీరుకూ, కింద లైన్‌మన్లకూ మధ్య నలిగే ఉద్యోగం. పై నుంచి మెమోలు వస్తాయి, కింది నుంచి నిష్ఠూరాలు వస్తాయి. నాకు అప్పటికి ముప్పయ్యేళ్లు. రూలు తప్పినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాడని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

నేను అందరికన్నా గట్టిగా పట్టుకున్న రూలు లైన్ క్లియర్. స్తంభం ఎక్కేముందు ఆ లైనుకు కరెంటు ఆపి, ఫ్యూజు ఊడదీసి, పని చేసేవాడు దాన్ని తన జేబులోనే పెట్టుకోవాలి. గూట్లో పెట్టినా, పక్కవాడి చేతికిచ్చినా ఒప్పుకోను. పైన మనిషి ఉన్నాడని తెలియక కిందివాడు ఫ్యూజు తగిలించిన ఒక సందర్భాన్ని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేను కళ్లారా చూశాను. ఆ లైన్‌మన్ బతికాడు గానీ కుడిచెయ్యి పోయింది. అప్పటినుంచి ఫ్యూజు తీయడం, జేబులో వేసుకోవడం నాకు చెప్పులు విడవడమంత అలవాటైపోయింది.

ఆ క్యాంపులో ఒక రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే ముగ్గురాయి గనుల యజమాని మనిషిని పంపాడు. ఊళ్లో ఆయన్ను అందరూ పెద్దాయన అనే పిలిచేవారు. ఆయన మద్రాసులో వేలంలో కొన్న ఒక పాత అమెరికా కారు గురించి నేను అంతకుముందే విన్నాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పనిగట్టుకుని వచ్చి దాన్ని చూసి పోయేవారు. దాని తలుపు అద్దాలు చేత్తో తిప్పితే కదిలేవి కావు. మీట నొక్కితే లోపలున్న చిన్న మోటారు తిరిగి అద్దాన్ని ఎక్కించేది, దించేది. నేను వెళ్లేసరికి ఆ కారు ఇంటి పక్క షెడ్డులో ఉంది. వెనక ఎడమ తలుపు అద్దం పూర్తిగా కిందికి దిగి ఇరుక్కుపోయింది. పెద్దాయన ఉపోద్ఘాతమేమీ లేకుండా, "ఏమప్పా, ఇది కరెంటుతో నడిచే అద్దం. నువ్వు కరెంటాయనవి. ఎట్లన్నా చేసి పైకెక్కియ్యి" అన్నాడు.

స్తంభాల మీది కరెంటుకూ, కారు కరెంటుకూ చాలా తేడా ఉందని చెప్పబోయాను. ఉద్యోగంలో ఉంటూ ప్రైవేటు పని చేయకూడదన్న రూలు కూడా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో షెడ్డు వెనక గదిలోంచి ఎల్.ఎం.పి. డాక్టరు బయటికి వచ్చాడు. ఆయన చెప్పింది విన్నాక ఆ రెండు మాటలూ మింగేశాను.

గదిలో ఉన్నది డ్రైవరు మస్తాన్ భార్య హుసేన్‌బీ. తొమ్మిది రోజుల కిందట ఎద్దులకు మేత వేసే గాడిపాడు దగ్గర తుప్పు మేకు తొక్కిందట. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని పనిలో పడిపోయింది. ముందురోజు పొద్దున దవడ బిగుసుకుంది. ధనుర్వాతం. దానికి వేయవలసిన సీరం జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఉంది. మెల్లగా పోతే రెండున్నర గంటల దారి. అయితే ఆ జబ్బులో వెలుతురు పడినా, చప్పుడైనా, గాలి కొట్టినా, కుదుపు తగిలినా ఒళ్లు విల్లులా వంగి మూర్ఛ వస్తుంది. ఆ మూర్ఛల్లో ఏదో ఒకటి ఊపిరి ఆపేస్తుంది. గనుల జీపులో తీసుకుపోతే దారిలోనే ప్రాణం పోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. మెత్తగా, చప్పుడు లేకుండా నడిచే బండి ఆ ప్రాంతంలో అదొక్కటే. దాన్ని నడపడం వచ్చినవాడు మస్తాన్ ఒక్కడే.

అద్దం స్థానంలో దుప్పటి కట్టి ప్రహరీ లోపలే ఒక చుట్టు తిప్పి చూశారట. దుప్పటి పటపటమని కొట్టుకోవడంతో ఆమె ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయిందట. డాక్టరు గడియారం చూసుకుని, "అద్దం మూసుకుంటాదని మీరు గట్టిగా చెప్తేనే నేను మత్తు సూది వేస్తా. వేసినాక మూడు నాలుగు గంటలే పని చేస్తాది. మధ్యలో ఆగే పని ఉండకూడదు" అన్నాడు. నాకు ఆ కారు గురించి ఓనమాలు తెలియవు. అయినా గంటలో చేస్తానని చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. ఆయన సూది సిద్ధం చేసుకోవడానికి లోపలికి వెళ్లాడు.

మస్తాన్ ఫ్యూజు ఎక్కడుందో చూపించాడు. స్టీరింగు కింద రెండు ఇత్తడి క్లిప్పుల మధ్య వేలెడు గాజు గొట్టం. అది ఎప్పుడో కాలిపోయింది. దాని చుట్టూ సిగరెట్టు పెట్టెలో ఉండే వెండి కాగితం చుట్టి ఉంది. ఫ్యూజు కాలితే ఎందుకు కాలిందో వెతకాలి గానీ, దాన్ని కాగితంతో కప్పిపెట్టకూడదు. అలా చేస్తే ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. ఇదంతా అతనికి చెప్పిన తీరు తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. భార్య లోపల ప్రాణం మీదికొచ్చి ఉన్న మనిషిని పట్టుకుని, బుద్ధి లేదా అన్నాను. అతను తల వంచుకుని, "శానా మార్లు కాలిపోతాంటే పెట్టినా సార్" అని మాత్రం అన్నాడు.

ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాను. అలవాటు కొద్దీ రబ్బరు గ్లౌజులు కూడా తొడుక్కున్నాను. పన్నెండు వోల్టుల బ్యాటరీకి అవి అక్కర్లేదని తెలిసినా, అవి లేకపోతే నాకు చేతులు ఆడలేదు. తలుపు లోపలి అట్ట విప్పాను. కారు బల్బుకు రెండు తీగలు కట్టి, ఫ్యూజు కాసేపు తిరిగి పెట్టి, మోటారుకు కరెంటు వస్తోందో లేదో చూడాలనుకున్నాను. ఇంట్లో వైరింగుకు వచ్చేవి రెండు తీగలు. ఇందులో ఒకటే కనిపించింది. రెండోదాని కోసం ఇరవై నిమిషాలు వెతికాను. చివరికి మస్తానే, "రెండో తీగ ల్యా సార్, బండి ఇనుమే రెండో తీగ" అన్నాడు. నేను తిట్టిన మనిషి దగ్గరే పాఠం నేర్చుకోవలసి వచ్చింది.

తప్పు దొరికింది తలుపు బందు దగ్గర. తలుపు తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా ఆ తీగ మడత పడి, పైతొడుగు అరిగి, ఇనుముకు తగులుతూ వచ్చింది. మొదట్లో ఫ్యూజు కాలింది. వెండి కాగితం పెట్టాక తీగే కాలి తెగింది. కాలిన ముక్క కత్తిరించి, నా సంచిలోని తీగతో అతుకు వేశాను. రెండు తీగల పోగులను విడదీసి ఒకదానిలో ఒకటి అల్లే ఆ అతుకును మా శాఖలో మ్యారీడ్ జాయింట్ అంటారు. లైన్‌మన్లకు నేర్పేటప్పుడు రెండు నిమిషాల్లో వేసి చూపించేవాణ్ణి. ఆ రోజు మూడుసార్లు విప్పి వేశాను. లోపలి నుంచి డాక్టరు సూది వేశానని చెప్పి పంపాడు. ఇక వెనక్కి పోవడానికి లేదు.

గాజు గొట్టానికి సరైన మందం గల ఫ్యూజు తీగ చుట్టి క్లిప్పుల్లో పెట్టి మీట నొక్కాను. అద్దం ఒక్కసారి మూలిగి, మెల్లగా పైకి వచ్చి మూసుకుంది. మస్తాన్ రెండు చేతులూ ఎత్తి కళ్లకు అద్దుకున్నాడు. మిగతా మూడు అద్దాలు కూడా ఎక్కించి చూశాను. అన్నిటికీ ఆ ఒక్క ఫ్యూజే. తలుపు అట్ట బిగించేటప్పుడు స్క్రూ తీగకు తగలవచ్చు కాబట్టి, మళ్లీ ఫ్యూజు తీసి జేబులో వేసుకుని స్క్రూలు బిగించాను.

చివరి స్క్రూ బిగుస్తుండగా డాక్టరు పిలిచాడు. నలుగురం దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని, చెప్పులు విప్పేసి, ఊపిరి బిగబట్టి ఆమెను వెనక సీటులో పడుకోబెట్టాం. మెరిసే కళ్లు తప్ప ఆమె ముఖంలో కదిలేదేమీ లేదు. డాక్టరు మస్తాన్‌కు చివరి జాగ్రత్తలు చెప్పాడు. దుమ్ము ఉన్నంతసేపూ అద్దాలన్నీ మూసి ఉంచాలి, దుమ్ము తగ్గిన చోట ముందు తలుపు అద్దం నాలుగు వేళ్లు దించాలి, ఈ ఎండలో గాలి లేకపోతే ఆమె తట్టుకోదు, తలుపు మాత్రం తీయకూడదు, ఆ తలుపు పడే చప్పుడు చాలు. ఇదంతా నేను పక్కనే నిలబడి విన్నాను. డాక్టరు కూడా ముందు సీటులో కూర్చున్నాక కారు గేటు దాటింది.

పెద్దాయన ఇంటివాళ్లు మజ్జిగ ఇచ్చారు. తాగి, పనిముట్లు లెక్క చూసుకుని సంచిలో సర్దాను. అన్నీ ఉన్నాయి. ముఖం తుడుచుకుందామని జేబులోంచి చేతిరుమాలు లాగాను. దానితోపాటు ఫ్యూజు వచ్చి బండల మీద టింగుమని పడింది.

ఒక క్షణం అదేమిటో కూడా అర్థం కాలేదు. అర్థమయ్యాక వంగి దాన్ని తీసుకున్నాను. నాలుగు అద్దాలూ నేనే మూశాను. ఇక అవి దిగవు. దించకపోతే లోపల నిప్పుల కుంపటి, తలుపు తీస్తే మూర్ఛ. ఆ ఇంట్లో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరికీ చెప్పకుండా క్యాంపుకు పోవచ్చన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఇక్కడ రాయకపోతే ఈ జ్ఞాపకం రాయడమే అనవసరం.

పెద్దాయన దగ్గరికి వెళ్లి, కారుకు సంబంధించిన ఒక వస్తువు నా దగ్గర ఉండిపోయింది, వెంటనే అందించాలి అని మాత్రం చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా జీపు తీసి, తనే నడిపాడు. ముద్దనూరు రోడ్డు మీద గుంతలకు నేను ఎగిరెగిరి పడుతున్నాను. ఫ్యూజు పగులుతుందేమోనని గుప్పిట్లో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ప్రతి మలుపు దగ్గరా రోడ్డు పక్కన ఆ కారు ఆగి ఉంటుందేమో, తలుపులు బార్లా తెరిచి ఉంటాయేమో అని చూస్తున్నాను. తొమ్మిది మైళ్లు అలాగే పోయాక ఆయన, "అంత అర్జెంటు వస్తువు ఏందప్పా అది?" అని అడిగాడు.

అప్పుడు చెప్పాను. ఆయన నావైపు చూడలేదు. "పనిమంతుడివనుకుంటి గదప్పా" అన్నాడు. జమ్మలమడుగు చేరేదాకా ఆ ఒక్క మాటే నాకు వినిపిస్తూ ఉంది.

పెన్న దాటి మేం ఆసుపత్రి చేరేసరికి పొద్దు వాలుతోంది. కారు వరండా ముందు ఆగి ఉంది. వెనక సీటు ఖాళీ. నా చూపు ముందు తలుపు మీద పడింది. అద్దం నాలుగు వేళ్లు దిగి ఉంది. ఫ్యూజు నా గుప్పిట్లో ఉంది, అద్దం దిగి ఉంది. తలుపు తీసి స్టీరింగు కిందికి వంగి చూశాను. రెండు క్లిప్పుల మధ్య ఒక పెన్సిలు ముక్క, దాని చుట్టూ నాలుగైదు మడతల వెండి కాగితం.

మస్తాన్ వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెకు సీరం వేశారని, దారిలో మూర్ఛ ఒక్కసారే వచ్చిందని చెప్పాడు. ముద్దనూరు రైలు గేటు దగ్గర బండి ఆగిందట. లోపల గాలి ఆడక ఆమె ఎగపోస్తోందట. మీట నొక్కితే పలకలేదు. "కింద చెయ్యి పెట్టి చూస్తే ఫ్యూజే ల్యా సార్. డాక్టరు సార్ జేబులో సిగరెట్టు పెట్టె ఉండె. ఆయప్ప పెన్సిలు ఇరిచి ఇచ్చె. మీరు తిడతారని ఎరికే, ఆ పొద్దుకు ఇంగేం తోచలేదు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే సంజాయిషీ ఇస్తున్నాడు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పక్కనే ఉన్న పెద్దాయన, ఈ ఉపాయం నీకెట్ల తెలుసని మెచ్చుకోలుగా అడిగాడు. మస్తాన్ లేచి నిలబడ్డాడు. తప్పించుకోవడానికి దారి ఉంది. నేను ఆయనకు వెండి కాగితం సంగతి చెప్పలేదని ఆ ప్రశ్నతోనే అతనికి తెలిసిపోయింది. అయినా, "ఇంతకుముందు గూడా అట్లనే పెట్టినా పెద్దాయనా. తీగ కాలింది నా వల్లనే. అద్దం చెడిపింది నేనే" అన్నాడు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి, లోపలికి పోయి మనిషిని చూసుకొమ్మన్నాడు. నేను వెండి కాగితం తీసేసి, ఫ్యూజు దాని చోట పెట్టి, మీట నొక్కి చూసి, బస్సులో ప్రొద్దుటూరు వెళ్లిపోయాను. హుసేన్‌బీ నెల తిరక్కుండానే నడుచుకుంటూ ఇంటికి వచ్చిందని తర్వాత తెలిసింది.

ఆ నెల నుంచి నా సెక్షన్‌లో ఒక పద్ధతి పెట్టాను. ఫ్యూజు తీసినవాడు దాన్ని జేబులో పెట్టుకోవడమే కాదు, తీసిన చోట తన పేరు రాసిన అట్టముక్క వేలాడదీయాలి. అది మా శాఖ రూలు పుస్తకంలో లేదు. ఎందుకని పై అధికారులు అడిగితే, మంచి అలవాటని చెప్పి ఊరుకున్నాను. అసలు కారణం రిటైరయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఇద్దరం తప్పు చేశాం. నా అతుకు నిలిచింది కాబట్టే అతని వెండి కాగితం పని చేసింది. వెండి కాగితం పెట్టడం ఆ రోజూ తప్పే, ఈ రోజూ తప్పే. ఆ మాట మీద నేను మారలేదు. మారింది మరొకటి. తర్వాత నా కింద పనిచేసినవాళ్లు పొరపాటు చేసి వస్తే, కడిగేయడానికి ముందు పూర్తిగా విన్నాను. తిడతారన్న భయం ఉన్నవాడు తప్పు చెప్పడానికి ఆలస్యం చేస్తాడు. మస్తాన్ తన తప్పును అడగకముందే చెప్పాడు. నాకు తొమ్మిది మైళ్లు పట్టింది.