అవ్వ జల్లించిన మన్ను

తొంభైల చివర్లో నా చదువంతా పన్నెండు గుడ్డసంచుల్లో ఉండేది. తమిళనాడులో ఒక సున్నపురాయి గని గోడ నుంచి, అంగుళానికొకటి చొప్పున పొరలుపొరలుగా గీకి తెచ్చిన మన్ను అది. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట భూమ్మీద పెద్ద ఉల్క పడిందంటారు. దాని ధూళిలో ఇరీడియం అనే లోహం ఉంటుంది. మన నేలల్లో అది దాదాపు దొరకదు. పన్నెండు సంచుల్లో ఏ ఒక్కదాంట్లోనైనా అది ఎక్కువగా తేలితే, ధూళి పడ్డ పొర ఇదీ అని చూపించగలను. నా పరిశోధన డిగ్రీ దానిమీదే ఆధారపడి ఉంది. చదువు పేరుతో మన్ను మోస్తున్నాడని ఊళ్లో వెక్కిరించేవాళ్లు, అది వేరే సంగతి.

గని నుంచి ఆ సంచులతో వస్తూ హిందూపురంలో రైలు దిగేసరికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. పెనుకొండ దగ్గరి మా ఊరికి ఎలాగో చేరి, సంచులు వసారాలో పడేసి మంచాన పడ్డాను. మూడు రోజులు లోకం తెలియలేదు.

మా అవ్వ విత్తనపు శెనక్కాయలు ఏరడంలో ఘనురాలు. రాయి, గడ్డ, పుచ్చు ఏదీ ఆమె చేట దాటేది కాదు. నేను లేచి వసారాలోకి వస్తే సంచులు ఉతికి దండెం మీద ఆరేసి ఉన్నాయి. కింద ఒకే ఒక గోనెసంచి, మూతి కుట్టేసి ఉంది.

"ఏమిరా, రాళ్లూ గడ్డలూ అట్లే ఎత్తుకపోతే మీ సార్లు నవ్వరా? దంచి, జల్లించి, అంతా ఒగటి జేసినా. చీటీలు యాడా పోలేదులే, ఈడుండాయి సూడు" అంటూ, ఒక్కో సంచిలో నేను పెట్టుకున్న పొర నంబర్ల చీటీలు పన్నెండూ దారంతో కట్టి నా చేతిలో పెట్టింది.

అరవబోయి ఆమె చేతులు చూశాను. నాకు గంజి కాచిపోస్తూ మధ్యమధ్య దంచిందట, అరచేతుల నిండా బొబ్బలు. ఆమెను ఏమనగలను? మళ్లీ మంచమెక్కి, అటు తిరిగి ఏడ్చాను. జ్వరం తగ్గలేదనుకుని ఇంకో దుప్పటి కప్పింది.

కాస్త కోలుకోగానే గనికి పరిగెత్తాను. ఆ గోడ లేదు. పేల్చి, సిమెంటు కోసం లారీల్లో తోలేశారు.

వేరే దారి లేక గోనెసంచిలోని మన్నే ప్రయోగశాలకు పంపాను. ఇరీడియం మామూలుకంటే ఎక్కువే ఉందని, ఏ పొరదో మాత్రం చెప్పలేమని జవాబొచ్చింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఊరికి బయల్దేరాను.

ధర్మవరంలో బస్సు మారి ఇంటికి చేరేసరికి అవ్వ గడపలోనే కూర్చుని ఉంది.

"మన్ను బాగుండాదన్నారా?"

"బాగుండాదన్నారవ్వా."

"సూస్తివా మరి! మళ్లా తీసకరా, ఈసారి ఇంగా సన్నంగా జల్లిస్తా."

సరేనన్నాను. ఆ నెలలోనే పరిశోధన మానేసి, హిందూపురంలో ఒక బళ్లో పిల్లలకు సైన్సు చెప్పడానికి చేరాను. ఎందుకు మానేశానో అవ్వకు చెప్పలేదు. ఆ మన్ను ఎప్పుడు తెస్తావని ఆమె పోయేదాకా అడుగుతూనే ఉండింది.