రాణెమ్మ లేచేదాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో గట్టిగా పలకకూడని మాట ఒకటి ఉండేది. ఆ మాట ‘ఫిట్స్’. అమ్మానాన్నలు దాన్ని గురించి మాట్లాడుకోవలసి వస్తే వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవారు. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున బట్టల అంగడికి పోతున్నట్టు చేతిలో ఒక సంచి పట్టుకుని బయలుదేరేవాళ్లం. ఫిట్స్ వచ్చేది నాకే.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. బెంగళూరులో బ్రూక్‌ఫీల్డ్ వైపు ఒక మేడింట్లో అద్దెకు ఉండేవాళ్లం. నాన్న ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేసేవారు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. మా తాతయ్య, అంటే నాన్నగారి నాన్న, వయసులో ఉండగానే హిందూపురం వైపు నుంచి ఈ ఊరొచ్చి, బట్టల అంగట్లో ఏళ్ల తరబడి గుడ్డ కొలిచి, ఇక చాలని ఇంటిపట్టున ఉండేవారు. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన పక్కన కూర్చుంటే మాట్లాడాలన్న తొందర మనకూ ఉండేది కాదు.

నాకు వచ్చే జబ్బును నేనెప్పుడూ చూడలేదు. అది వచ్చేటప్పుడు నేనక్కడ ఉండేదాన్ని కాదు. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉండేదాన్ని. నా పిడికిట్లో ఎవరో ఇనుప తాళాల గుత్తి పెట్టి ఉండేవారు. ఒళ్లంతా నొప్పులు, నోట్లో రక్తం రుచి. అన్నిటికంటే ముందు కనబడేది అమ్మ ముఖం. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన ఆ ముఖాన్ని చూసి ఏదో ఘోరం జరిగిందనీ, అది నావల్లే జరిగిందనీ అనుకునేదాన్ని. ఏం జరిగిందని అడిగితే ఏమీ లేదు పడుకోమనేవారు. అందుకని మనసులో నేనే ఊహించుకునేదాన్ని. నా ఊహలో నేను చాలా భయంకరంగా ఉండేదాన్ని.

మొదట చదివిన బడిలో ఒకసారి క్లాసులోనే వచ్చింది. మరునాటికి నా బెంచీ మీద నేనొక్కదాన్నే మిగిలాను. తమ పిల్లలను నా పక్కన కూర్చోబెట్టవద్దని ఎవరో వచ్చి చెప్పి వెళ్లారట. నాన్న నన్ను వేరే బడికి మార్చారు. కొత్త బడికి వెళ్లే మొదటి రోజు అమ్మ జడ వేస్తూ, ఇక్కడ ఎవరితోనూ చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు వేసేదాకా జడ వదల్లేదు. ఆ బడిలో నేను ఆటల పీరియడులో కడుపునొప్పి అని కూర్చునేదాన్ని. ఎవరితోనూ ఎక్కువగా కలిసేదాన్ని కాదు. కలిస్తే ఏదో ఒక రోజు వాళ్ల ముందే పడిపోతానని భయం.

పిల్లిని పెంచుకుందామని మాత్రం ఇంట్లో ఎప్పుడూ అడుగుతుండేదాన్ని. మా పక్కింటి అక్క కాలేజీలో చదువుకుంటూ, ఆదివారాలు సర్జాపుర రోడ్డు మీద దిక్కులేని కుక్కలనూ పిల్లులనూ చేరదీసే ఒక చోటికి వెళ్లి పనిచేసి వచ్చేది. ఒక ఆదివారం మా తాతయ్య, పాపను తీసుకుని పోయొస్తానని అమ్మకు చెప్పి, నన్ను వెంటబెట్టుకుని ఆ అక్కతో పాటు బస్సెక్కారు.

నీలగిరి చెట్ల మధ్యన రేకుల షెడ్డు. లోపల వరసగా ఇనుప తీగల జాలీ గదులు. ఒక గదిలో కాషాయం రంగు పిల్లికూన జాలీ పట్టుకుని పైకి పాకుతూ జారిపడుతూ, మళ్లీ పాకుతూ ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. మా తాతయ్య మాత్రం ఆగకుండా చివరి గది దాకా నడిచి వెళ్లారు. అక్కడ బూడిద రంగు పిల్లి ఒకటి, కూన కాదు, ఎదిగిన పిల్లి, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

“దీనికి ఫిట్స్ వస్తాయి తాతా,” అంది అక్క. “దినామూ రెండు పూట్లా ట్యాబ్లెట్ వెయ్యల్ల. తీసుకుపోయినోళ్లు రెండుసార్లు రిటర్న్ తెచ్చిచ్చినారు.”

ఆ మాటను పట్టపగలు, నలుగురిలో, పిల్లి వయసు చెప్పినంత మామూలుగా ఒకరు పలకడం నేను వినడం అదే మొదలు. నాకు చెవులు వేడెక్కాయి. తాతయ్య వైపు చూశాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. మాత్ర ఏ వేళకు వేయాలో, వచ్చినప్పుడు ఏం చేయాలో అడిగారు. చేసేదేమీ ఉండదనీ, చుట్టూ తగిలే వస్తువులు తీసేసి, నోట్లో ఏమీ పెట్టకుండా, లేచేదాకా పక్కన ఉంటే చాలుననీ అక్క చెప్పింది. అది పూర్తిగా నయమవుతుందా అని నేను అడిగాను. నయం కాదట, మాత్రలు వేస్తూ ఉంటే అన్ని పిల్లుల్లాగే బతుకుతుందట.

“మనింటికి తీసకపోదామా పాపా?” అని తాతయ్య నన్నే అడిగారు.

కాషాయం కూన వైపు ఒకసారి చూశాను. దాని ముందు అప్పటికే ఇద్దరు ముగ్గురు నిలబడి ముద్దు చేస్తున్నారు. బూడిద పిల్లి ముందు మేము తప్ప ఎవరూ లేరు. నేను తల ఊపాను.

ఇంటికి రాగానే తాతయ్య అమ్మకు సంగతి చెప్పారు. నేను బుట్ట పట్టుకుని మెట్లు ఎక్కుతున్నాను. అమ్మ గొంతు పైనుంచి వినబడింది. “ఇంట్లో ఒకరు చాలదా మామా?”

అంటూనే అమ్మ వెనక్కి తిరిగింది. మలుపులో నేను కనబడ్డాను. అమ్మ ముఖం అలా పాలిపోవడం నేను ముందెన్నడూ చూడలేదు.  తాతయ్య వచ్చి నా చేతిలో బుట్ట తీసుకుని, కిటికీ దగ్గర ఎండ బాగా పడుతుంది, అక్కడ పెడతానని మాత్రం అన్నారు. అమ్మ వంటింట్లోకి వెళ్లి, కాసేపటికి ఒక పాత దుప్పటి మడిచి తెచ్చి ఆ ఎండలో పరిచింది.

దానికి రాణెమ్మ అని తాతయ్యే పేరు పెట్టారు. నా మాత్రలు వంటింట్లో బియ్యం డబ్బా వెనకాల ఉండేవి, చుట్టాల కంట పడకుండా. రాణెమ్మ మాత్రలను తాతయ్య హాల్లో గడియారం కింద బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టారు. ఉడికించిన చేప ముక్కలో మాత్ర దాచి పెడితే ఆ గడుసుది చేప తినేసి మాత్రను నేల మీద శుభ్రంగా వదిలేది. తాతయ్య మళ్లీ ఇంకో ముక్కలో పెట్టేవారు. ఆ తమాషా చూడటానికి నేను నా మాత్ర చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి అక్కడే మింగడం మొదలుపెట్టాను. అమ్మ చూసి, ఒక గ్లాసు నీళ్లు తెచ్చి ఆ బల్ల మీదే పెట్టింది.

కొన్నాళ్లకు హిందూపురం నుంచి తాతయ్యగారి అక్క వచ్చింది. పెళ్లి పిలుపుకని కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని వచ్చింది. నా సంగతి వాళ్లెవరికీ తెలియదు. అమ్మ పొద్దుటి నుంచే ఇల్లు సర్ది, నన్ను ఎక్కువగా తిరగవద్దని హెచ్చరించింది. అందరూ హాల్లో కాఫీ తాగుతుండగా కిటికీ గట్టు మీద పడుకున్న రాణెమ్మ దబ్బున కిందపడింది.

కాళ్లు నాలుగూ కొయ్యల్లా బిగుసుకుని, తర్వాత గాలిలో ఈదుతున్నట్టు కొట్టుకోసాగాయి. నోటి నుంచి నురగ. తల వెనక్కి వాలిపోయింది. పెద్దావిడ గ్లాసు కింద పెట్టేసి, తాళాలు తెండి, ఇనుము తెండి అని లేచింది. అమ్మ అలవాటు కొద్దీ మేకుకు వేలాడుతున్న తాళాల గుత్తి అందుకుంది.

తాతయ్య వద్దన్నట్టు చెయ్యి చూపారు. పక్కనున్న పీటను దూరంగా జరిపి, రాణెమ్మకు కాస్త ఎడంగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. “దీనికి ఫిట్స్ ఉండాది అక్కా. మాత్ర వేస్తా ఉండాము. రొంతసేపటికి లేస్తాది. నువ్వు కాఫీ తాగు, చల్లగైపోతాది,” అన్నారు.

నేను గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. చూపు తిప్పుకోలేకపోయాను. కొట్టుకోవడం మెల్లగా తగ్గింది. ఒళ్లు మెత్తబడింది. డొక్కలు ఎగసెగసి పడ్డాయి. కాసేపటికి రాణెమ్మ కళ్లు తెరిచింది. ఎక్కడున్నదో తెలియనట్టు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, లోపలి నుంచి తెలుసు. “లేస్తివా రాణెమ్మా,” అన్నారు తాతయ్య, పొద్దున నిద్రలేచిన వాళ్లను పలకరించినట్టు. అది తూలుతూ లేచి, ఒకసారి గోడకు గుద్దుకుని, తన గిన్నె దగ్గరికి వెళ్లి మిగిలిన చేప తినసాగింది. అంతే.

ఇంతకాలం నేను ఊహించుకున్న భయంకరమైనది దీనిలో ఎక్కడా లేదు. చూడటానికి జాలిగా ఉంది, అది నిజమే. కానీ రాణెమ్మ ఏ తప్పూ చేయలేదు. జబ్బు వచ్చింది, పోయింది, దానికి ఆకలేసింది. చుట్టాలు ఉన్నారన్న సంగతే మరచిపోయి అడిగేశాను. “నాకూ ఇట్లే అవుతాదా తాతా?”

 అమ్మ చేతిలో తాళాలు చప్పుడు చేశాయి.

“ఇట్లే పాపా. ఇట్లే వస్తాది, ఇట్లే పోతాది. నువ్వు లేచేదంకా మేము కూచునుంటాము.”

అమ్మ ఒడిలో తాళాలు పెట్టుకుని అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. పెద్దావిడ నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసింది. ఇక ఏం అంటుందోనని భయపడ్డాను.  ఆవిడ గ్లాసు చేతిలోకి తీసుకుని, “మా మరిదికీ ఉండె,” అంది. “ఇంట్లో మేమెవురమూ ఆ మాట పలకలా. ఆయప్ప పోయేదాకా ఒక గదిలోనే ఉండె.” తర్వాత వెళ్లేటప్పుడు అమ్మ వీపు మీద చెయ్యి వేసి, పిల్లను పెళ్లికి తీసుకురమ్మని గట్టిగా చెప్పింది.

ఆ వారంలోనే బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయికి చెప్పాను. ముందు ఇంట్లో అమ్మను అడిగాను. అమ్మ జడ వేయడం ఆపి, కాసేపు నా భుజాల మీద చేతులు ఉంచి, చెప్పు అంది. నేను తాతయ్య చెప్పిన తీరులోనే చెప్పడానికి ప్రయత్నించాను. నాకు ఫిట్స్ ఉంది, మాత్ర వేసుకుంటాను, వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, లేచేదాకా ఉండు. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, నోట్లో నీళ్లు కూడా పోయకూడదా అని అడిగింది. పోయకూడదన్నాను. సరే అంది.

వానాకాలంలో ఒక రోజు క్లాసులో వచ్చింది. కళ్లు తెరిచేసరికి తల కింద ఎవరిదో స్వెటర్ ఉంది. చేతిలో తాళాలు లేవు. ఆ అమ్మాయి పక్కనే నేల మీద కూర్చుని ఉంది. “లెక్కల క్లాసు అయిపోయింది,” అంది. “హోంవర్కు నేను రాసుకున్నా. నీకిస్తాలే.” అప్పుడు నాకు కలిగిన హాయిని ఈనాటికీ సరిగ్గా చెప్పలేను. నేను లేని ఆ కాసేపట్లో లోకం మామూలుగానే సాగింది. నా చోటు నాకోసం అలాగే ఉంది.

రాణెమ్మ మా ఇంట్లో చాలా ఏళ్లు బతికింది. దాని జబ్బు పోలేదు, తగ్గి ఉండేది. తాతయ్య దానికంటే ముందే వెళ్లిపోయారు. ఆ తర్వాత చేప ముక్కలో మాత్ర దాచి పెట్టిన చెయ్యి అమ్మది. పక్కింటి అక్క నా పెళ్లికి వచ్చినప్పుడు, నాకు తెలియని ఒక సంగతి చెప్పింది. మేము వెళ్లడానికి ముందే మా తాతయ్య ఒక్కరే ఆ షెడ్డుకు వెళ్లారట. పిల్లి సంగతి గోడ మీదుగా ఆ అక్కే ఎప్పుడో మాటల్లో చెప్పింది. ఆయన ఆ గది ముందు చాలాసేపు కూర్చుని, మా పాప దీన్ని చూడల్ల, ఇదంతా తన ముందర మళ్లా చెప్పు అని మాత్రం అని వచ్చేశారట. బతికి ఉన్నన్నాళ్లూ ఆయన మాకెవరికీ ఆ మాట చెప్పలేదు.

ఆ పెళ్లి కూడా నా సంగతి చెప్పే కుదుర్చుకున్నాను. మొదట వచ్చిన సంబంధం వాళ్లు నేను చెప్పగానే మర్యాదగా లేచి వెళ్లిపోయారు. తర్వాత వచ్చినాయన, ఫిట్స్ వస్తే తను ఏం చేయాలో అడిగారు. ఇప్పుడు నా జుట్టు కూడా నెరుస్తోంది. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. కొత్త ఆఫీసులో చేరిన ప్రతిసారీ చుట్టుపక్కల కూర్చునే వాళ్లకు చెప్పి, తర్వాత కంప్యూటర్ తెరుస్తాను.

కానీ ఆ రోజు నుంచి నాతో ఉన్నది ఈ చెప్పడం ఒక్కటే కాదు. తాతయ్య నేల మీద కూర్చున్న తీరు కూడా. ఎక్కడికో వెళ్లి తిరిగివచ్చే మనిషికి మొదట కనబడే ముఖం ఎలా ఉండాలో నాకు అక్కడే తెలిసింది. నిరుడు అమ్మకు గుండె ఆపరేషన్ జరిగింది. ఆ రోజంతా ఆసుపత్రి వరండాలో ఏడుస్తూనే ఉన్నాను. లోపలికి పిలిచినప్పుడు కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. అమ్మ కళ్లు తెరిచింది. వారం నుంచి కారుతున్న మన పైఇంటి వాళ్ల నీళ్ల ట్యాంకు బాగైందమ్మా అన్నాను. అమ్మ నా ముఖాన్ని కాసేపు వెతికి చూసింది. దానిలో భయపడవలసిందేమీ కనబడలేదేమో, పెదవులు తడుపుకుని, మోటారు ఆపినారో లేదో కనుక్కోమంది.