వినని ఒపేరా, విన్న భాగోతం

నేను విజయనగరంలో సంగీతం చదువుకున్నది అరవైల చివర్లో. గాత్రానికీ వీణకీ వయొలిన్‌కీ వచ్చేవాళ్ళు చాలామందే ఉండేవారు. సంగీత శాస్త్రాన్ని ముఖ్యంగా పెట్టుకుని చదివేవాళ్ళం మాత్రం ఏడుగురమే. ఆ ఏడుగురిలో చర్చి నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

మా నాన్న పాతపట్నంలో మిషన్ స్కూలు హెడ్మాస్టరు. ఎనిమిదో ఏట నుంచీ ఆదివారం ఆరాధనలో హార్మోనియం నాదే. ఇంట్లో సంగీతానికి లోటు లేదు గానీ, భాగోతం, హరికథ, పద్యనాటకం మాత్రం మా గుమ్మం తొక్కేవి కావు. ఊళ్ళో మద్దెల మోగిందంటే అమ్మ లేచి వెళ్ళి కిటికీ రెక్కలు దగ్గరగా వేసేది. కళాశాలలో చేరడానికి నాన్న ఒప్పుకున్నది కూడా, తిరిగొచ్చి పిల్లలకు పాఠం చెబుతానన్న మాట మీదే. విజయనగరంలో పిన్ని దగ్గర ఉండేదాన్ని. అమ్మకు చెల్లెలు, ఆస్పత్రిలో నర్సు.

శాస్త్రం చెప్పే మాస్టారికి యాభై దాటాయి. సన్నగా, నిలువుగా, చేతిలో ఎప్పుడూ సుద్దముక్కతో ఉండేవారు. ఆ ఏడాది మాకు గేయనాటక చరిత్ర ఉండేది. యక్షగానం నుంచి మొదలుపెట్టి, వీధినాటకం మీదుగా, చివరకు విదేశాల ఒపేరా దగ్గరకు తెచ్చారు. దాని గురించి ఆయన దగ్గర ఉన్నదల్లా అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకంలోని ఓ అధ్యాయం. దాన్ని ఎన్నిసార్లు చదివారో, చూడకుండానే చెప్పేసేవారు. రాజు కోపగించుకోవడమూ పాటే, దాసి దీపం తేవడమూ పాటే అని చెబుతూ సుద్దముక్క పట్టిన చెయ్యి పైకెత్తి, అక్కడే ఆగిపోయేవారు. ఆ గొంతు ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. మాకూ తెలియదు.

ఒకరోజు మాకు వ్యాసం రాయమన్నారు. "మీ చెవులతో విన్న గేయనాటకం గురించి రాయండి. పుస్తకంలోది ఒక్క వాక్యం ఉన్నా నాకు తెలిసిపోతుంది."

మిగతా ఆరుగురూ ఆ సాయంత్రమే మాటల్లో పడ్డారు. ఒకడి మేనమామ భాగోతంలో వంతపాట పాడతాడట. ఒకమ్మాయి వాళ్ళ వాకిట్లోనే ఏటా నాటకం ఆడతారట. నేను విన్నది లేదు. లేదని చెబితే, హార్మోనియం అమ్మాయికి ఇక్కడేం పని అని అందరూ అనుకుంటారని భయం వేసింది. వారం రోజులు తెల్లకాగితం ముందు కూర్చుని, చివరకు అబద్ధం రాశాను. మిషన్ బంగళాలో దొరసానమ్మ గ్రామఫోను మీద ఒక మధ్యాహ్నమంతా ఒపేరా విన్నానని రాశాను. ఆ గ్రామఫోను నిజమే, కానీ దాని మీద కీర్తనలు తప్ప ఇంకేమీ మోగగా నేను వినలేదు. నాయిక ఏడుస్తూ పాడుతుంటే నా గొంతు ఎండిపోయిందని కూడా రాశాను. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకే బాగుందనిపించింది.

వ్యాసం ఇచ్చిన మూడోరోజు మాస్టారు నన్ను ఆపారు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏమమ్మా, నువ్వు నిజంగా విన్నావా? ఆ గొంతు మన తారస్థాయి దాటి వెళుతుందా? గమకం ఉంటుందా, లేక స్వరం సూటిగా నిలబడుతుందా?"

"సూటిగానే ఉంటుందండీ," అన్నాను. నోటికి వచ్చింది అన్నాను.

"ఒక్క ముక్క పాడి వినిపించు."

"గుర్తు లేదండీ. చిన్నప్పుడు కదా."

"పోనీలే. పరీక్షకి వాల్తేరు నుంచి ప్రొఫెసరుగారు వస్తున్నారు. ఆయన రెండేళ్ళు లండన్‌లో ఉండి వచ్చారు. పదిహేను రోజుల్లో. నీ వ్యాసం ఆయన ముందు చదువుదువుగాని. ఆయన ఆనందిస్తారు."

ఆ రోజు నుంచీ నాకు తిండి సహించలేదు. లండన్‌లో ఉన్న మనిషి ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఏ ఒపేరా అంటాడు, ఏ భాష అంటాడు. వ్యాసాన్ని మళ్ళీ మళ్ళీ చదివి, ఎక్కడెక్కడ పట్టుబడతానో వెతుక్కునేదాన్ని. అన్నిచోట్లా పట్టుబడేలాగే ఉండేది.

"ఏటే, అన్నం కెలుకుతున్నావు గానీ తినవేటి?" అంది పిన్ని ఒకరోజు. "జొరమొచ్చిందా?"

చెప్పేశాను. పిన్ని తిట్టలేదు. కంచం ముందు నుంచి లేవకుండా, "మాస్టారికి సెప్పీ. రేపే. ఆయన ముందు తల దించుకుంటే ఒక్కడి ముందే దించుకున్నట్టు. ఆ రోజైతే అందరి ముందూను," అంది.

మర్నాడు క్లాసు అయ్యాక అందరూ వెళ్ళేదాకా కూర్చుని చెప్పాను. మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"గొంతు ఎండిపోయిందని రాశావే. అదీనా?"

"అదీ అబద్ధమే మాస్టారూ."

"దాన్ని మా ఇంట్లో కూడా చదివి వినిపించాను," అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. కాసేపటికి కళ్ళజోడు పెట్టుకుని, "ఇంకా పదకొండు రోజులుంది. ఏదో ఒకటి విను. ఏది వింటే అది రాయి. ఏమీ వినకపోతే, వినలేదని రాసి ఇవ్వు," అని వెళ్ళిపోయారు.

మళ్ళీ పిన్నే దారి చూపింది. ఆ వేసవికి ముందు వాళ్ళ వార్డులో ఒక ముసలాయన ఉండేవాడట. తూర్పు భాగోతంలో ముప్పై ఏళ్ళు సత్యభామ వేషం కట్టినవాడు. ఊరు పాతపట్నం రోడ్డు మీదే, మా ఇంటికి రెండు స్టేజీల ఇవతల. నాన్నకు తెలిస్తే ఏమవుతుందోనని నేను నీళ్ళు నమిలాను. "మీ నాన్నకి నాను సెప్పను, నువ్వూ సెప్పకు," అంది పిన్ని. శనివారం పొద్దున్నే శ్రీకాకుళం వెళ్ళి, అక్కడ బస్సు మారి బయలుదేరాను. పిన్నితో కలిసి ఇంకో అబద్ధంలో కాలు పెడుతున్నానని తెలుస్తూనే ఉంది.

ముసలాయన వాకిట్లో కూర్చుని గోగునార తీస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా తడి. నానిన గోగు వాసన వాకిలంతా ఉంది. ఆస్పత్రి నర్సమ్మ పంపిందన్నాను.

"నర్సమ్మ కూతురివా?"

"అక్క కూతుర్ని తాతా. మీ పాట రాసుకోడానికి వచ్చాను."

"పాట పాడతారు గానీ, రాత్తారేటి?" అని నవ్వాడు. ముందు పళ్ళు లేవు. "నాను భామ కట్టి పదేళ్ళయిపోనాది. ఇప్పుడు పాడితే గాలే వస్తాది."

అయినా పాడాడు. భామ తనను తాను ఎరుకపరచుకునే పాట అది. దరువు అంటారు. రెండు చరణాలు కూర్చుని పాడి ఆపేశాడు. "కూకుంటే భామ రాదమ్మా," అని లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు మెలిపెట్టి జడలా ముందుకు వేసుకున్నాడు. ఆ తడి చేతుల్తో, ఆ నెరిసిన గడ్డంతో, మెడ ఒక్కటి కాస్త తిప్పాడు. నేను రాయడం ఆపేశాను. ఆ గొంతులో నిజంగానే గాలి ఎక్కువుంది. కానీ కృష్ణుడు రాలేదన్న కోపం పాటలో ఎక్కడ మొదలై ఎక్కడ దిగులుగా మారిందో నాకు స్పష్టంగా వినిపించింది. నేను చెప్పమన్నప్పుడల్లా మళ్ళీ పాడాడు. స్వరాలు రాసుకున్నాను. పై స్థాయికి పైన చుక్క, కింది స్థాయికి కింద చుక్క, సాగదీసిన చోట గీత.

దొరల దేశంలో మాటలన్నీ పాటగానే సాగే ఆట ఒకటుందని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మరి మద్దెల ఎవులు వాయిత్తారు?" అన్నాడు.

"వాళ్ళకి మద్దెల ఉండదు తాతా."

"మద్దెల లేకపోతే మనిసికి కాలెలా ఆడతాది?" అని, ఆ దొరల మీద జాలిపడ్డాడు.

మధ్యాహ్నం తిరుగు బస్సెక్కాను. రెండు మైళ్ళు పోయాక పోలీసులు ఆపారు. ఆ రోజుల్లో కొండ ఊళ్ళ వైపు గిరిజన పోరాటంతో అలజడిగా ఉండేది, ఆ రోడ్డు మీద సంచీలన్నీ వెతికేవారు. నా సంచీలో నోటుపుస్తకం తీసి ఇన్‌స్పెక్టరు పేజీలు తిప్పాడు.

"ఇదేమిటి?"

"స్వరాలండీ."

"ఈ చుక్కలేమిటి? గీతలేమిటి? ఎవరికి చేరవేస్తున్నావు?"

"పాటండీ, భాగోతం పాట. నేను సంగీతం చదువుతున్నాను."

"పేరు చూస్తే క్రిస్టియన్ పేరు. భాగోతం పాటంటున్నావు." పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "రేపు పొద్దున మీ నాన్నను తీసుకుని స్టేషనుకి రా."

బస్సు నన్ను దింపేసి వెళ్ళిపోయింది. రోడ్డు పక్కన పాతపట్నం వైపు వెళ్ళే బస్సు కోసం గంటసేపు నిలబడ్డాను. పోలీసుల భయం కంటే, నాన్నకు ఏం చెప్పాలన్న భయమే పెద్దది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న స్కూలు పిల్లల పుస్తకాలు దిద్దుతున్నారు. నన్ను చూసి ఎర్రసిరా కలం పక్కన పెట్టారు. ఒపేరా వ్యాసం దగ్గర నుంచి స్టేషను దాకా మొత్తం చెప్పాను. అమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ముందు ఒక అబద్ధం. దాన్ని దిద్దుకోడానికి ఇంకొకటి," అన్నారు నాన్న. మళ్ళీ కలం తీసుకుని పుస్తకాల మీదకు వంగారు.

మర్నాడు ఆదివారం. నాకు తెలిసినన్నాళ్ళలో నాన్న ఆరాధన మానింది ఆ ఒక్కరోజే. కోటు వేసుకుని నాతో స్టేషనుకి వచ్చారు. ఇన్‌స్పెక్టరు పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టాడు.

"హెడ్మాస్టరుగారూ, ఇందులో ఏముందో మీరు చదవగలరా?"

"నాకు రాదు. మా అమ్మాయి చదువుతుంది."

"అయితే చదవమనండి."

అది చదివేది కాదు. పాడాలి. నాన్న ముందు, ఇంట్లో కిటికీ మూసి మరీ వినకుండా దాచిన పాట పాడాలి. మొదటి స్వరం పలకలేదు. మళ్ళీ ఎత్తుకున్నాను. తలెత్తితే నాన్న కనిపిస్తారని పుస్తకంలోనే కళ్ళు పెట్టి పాడాను. బయట రాసుకుంటున్న రైటరు రాయడం ఆపాడు. గుమ్మం దగ్గరి జవాను, "భామ దరువే సారూ. మా ఊల్లో ఆడతారు," అన్నాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డంపెట్టి, "సరే సరే, చాలు," అని పుస్తకం నా వైపు తోశాడు.

దారిలో చాలా దూరం నడిచాక నాన్న అడిగారు. "ఆవిడ ఆయన్ని తిడుతోందా?"

"కోపంగా ఉంది నాన్నా. రమ్మంటోంది."

నాన్న తలూపారు. "నాకిది ఇష్టం లేదు. అబద్ధం చెప్పి వెళ్ళడం అంతకంటే ఇష్టం లేదు. ఇక వెళ్ళాలంటే చెప్పి వెళ్ళు." బస్సెక్కించేటప్పుడు, "విన్నది విన్నట్టు రాయి," అన్నారు.

తర్వాతి శనివారం చెప్పే వెళ్ళి, ముసలాయన దగ్గర ఇంకో దరువు రాసుకొచ్చాను.

ప్రొఫెసరుగారి ముందు నా వంతు ఆఖరున వచ్చింది. కాగితాలు చెమటకు అంటుకుపోయాయి. ముసలాయన పాడినదీ, ఎక్కడ ఆగాడో, ఎందుకు లేచి నిలబడ్డాడో చదివాను. ప్రొఫెసరుగారు ఓపిగ్గా విని, "దీన్ని ఒపేరాతో పోల్చి చెప్పగలరా?" అన్నారు.

"లేదండీ. నేను ఒపేరా వినలేదు."

మాస్టారు బల్ల మీది సుద్దముక్కను ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపారు. ప్రొఫెసరుగారు నా కాగితాలు తీసుకుని, రెండో దరువులో తాళం తప్పు రాశానని చూపించారు. తప్పే. మార్కులు అంతంతమాత్రంగానే వచ్చాయి, మా ఏడుగురిలో నాది ఐదో స్థానం. చర్చిలో కొందరు పెద్దలకు సంగతి తెలిసి, ఆ ఏడాదంతా నన్ను హార్మోనియం ముందు కూర్చోనివ్వలేదు. నాన్న వాళ్ళతో వాదించలేదు, నన్ను మళ్ళీ తిట్టనూ లేదు.

ఫలితాలు వచ్చిన వారానికి మాస్టారు పిన్ని ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు. గొడుగు మడిచి గుమ్మం దగ్గరే నిలబడి, "ఆ ముసలాయన దగ్గరికి వెళ్ళాలంటే శ్రీకాకుళంలో బస్సు ఎన్ని గంటలకమ్మా?" అని అడిగారు.

పొద్దున ఏడున్నరకని చెప్పాను. ఆయన చొక్కా జేబులోంచి చిన్న కాగితం తీసి రాసుకున్నారు.