నేనన్న గాలి ఈ గాలి కాదు

మావయ్య పోయాడన్న కబురు వచ్చేసరికి నేను రాజాంలో, మా ధాన్యం కొట్లో కాటా దగ్గర నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది మా ఊరి కిళ్లీకొట్టతను. "బాబూ, గాలి సైంటిస్టు పోయినారు. పొద్దుటేల తలుపు తియ్యకపోతే ఎల్లి సూసినాం" అన్నాడు. ఆ గొంతులో వెటకారమేమీ లేదు. ఆయన్ని ఇంకోలా పిలవడం పాపం అతనికి తెలీదు. పోయిన రోజు కూడా మనిషికి వెక్కిరింపు పేరే మిగిలిందని నాకు కడుపు రగిలిపోయింది. ఆ మంట చల్లారక ఇది రాస్తున్నాను.

ఆయన మా అమ్మకి అన్న. ఉద్యోగమంతా ఎక్కడో దూరాన, మహాసముద్రాల మీద తిరిగే గాలుల్ని చదవడంలో గడిపి, రిటైరయ్యాక శ్రీకాకుళం తీరంలో ఉన్న మా ఊరికి వచ్చేశాడు. పిల్లలు లేరు. వచ్చిన కొన్నాళ్లకే అత్త పోయింది. ఆమె పాత నీలం చీర అంచు చింపి డాబా మీద ఇనుప చువ్వకి కట్టాడు, గాలి వాలు చూసుకోవడానికి. ఇంట్లో వేరే గుడ్డే దొరకలేదా అని అడిగితే, "మీ అత్త నాకెప్పుడూ అబద్ధం సెప్పలేదురా" అన్నాడు.

గుమ్మంలోకి ఎవరొచ్చినా బాగున్నావా అనేవాడు కాదు. "గాలెటున్నాది?" అనేవాడు. తెలీదన్నామా, మళ్లీ బయటికి పంపేవాడు. వేలు తడిపి గాల్లో పెట్టి, ఎటు చల్లగా తగిలిందో చూసి వచ్చి చెబితేనే కాఫీ. పెళ్లిపిలుపుకి వచ్చిన ముత్తైదువల్ని కూడా వదల్లేదు.

ఆయన చదివింది రేపు వాన పడుతుందా లేదా అని కాదు. పసిఫిక్ సముద్రంలో పడమటి పక్క నీళ్లు వెచ్చన, తూర్పు పక్క చల్లన. వెచ్చని చోట గాలి పైకి లేచి, ఎత్తున తూర్పుకి పోయి, చల్లని చోట కిందికి దిగి, నీళ్ల మీదుగా మళ్లీ పడమటికి వస్తుందట. బావి గిలక మీద చేంతాడు తిరిగినట్టు వేల మైళ్ల పొడవునా ఆ చుట్టు తిరుగుతూ ఉంటుందట. మన వానలకి కూడా దాంతో లంకె ఉందట. ఒక ఏడు జోరుగా, ఒక ఏడు మందంగా తిరగడం మామూలే. ఆయన పట్టుకు కూర్చున్నది అది కాదు. పదుల ఏళ్ల మీద ఆ చుట్టు నెమ్మదిస్తోందా, జోరెక్కుతోందా అన్నది ఆయన బెంగ.

"ఇది తెలిస్తే మనకేటి మావా?" అని ఓసారి అడిగాను.

"నీకేటీ రాదు. నీ మనవడు నాట్లేసినప్పుడు వాడికి కావాల" అన్నాడు.

ఆ మాటకి విలువిచ్చే ఊరైతే బాగుండేది.

ఓసారి పంచాయతీ దగ్గర మీటింగు పెట్టి, మన ఊరి సైంటిస్టుగారు మాట్లాడాలని ఆయన్ని కూర్చోబెట్టారు. ఆయన సంబరపడిపోయాడు. చేంతాడూ గిలకా తెప్పించి మరీ చెప్పాడు. చివర్లో, కంప్యూటర్ లెక్కల ప్రకారం రానురాను ఆ సముద్రం మీది గాలి తగ్గుతుందని అన్నాడు. ఇక్కడే కొంప మునిగింది. మా ఊళ్లో గాలి అంటే తుఫాను. 'పెద్దగాలికి పుట్టినోడు' అని వయసు లెక్క చెప్పుకునే జనం మేము. వాళ్లకి వినబడింది ఒక్కటే: ఇక తుఫాన్లు తగ్గిపోతాయి.

మా ఊరి పెద్దమనిషి ఒకాయనకి అంతే కావాలి. ఆయన రొయ్యల చెరువులకి దారి లేకుండా ఊరి ఉమ్మడి సరుగుడు తోట అడ్డంగా ఉంది. సముద్రపు గాలికి, ఇసకకి ఊరిని కాచింది ఆ తోటే. "గాలి తగ్గిపోతాదని బాబే సెప్పినారు కదేటి, ఇంకీ తోట దేనికి?" అన్నాడు. వారం తిరక్కుండా రంపాలు దిగాయి.

మావయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి దుంగల లారీకి ఎదురు నిలబడ్డాడు. "ఒరే, నేనన్న గాలి ఈ గాలి కాదురా!" అని అరిచాడు.

"గాలిలో రకాలేటి బాబూ?" అన్నాడు పెద్దమనిషి. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో మావయ్య దగ్గర ట్యూషన్ చెప్పించుకున్న పిల్లల తండ్రులు కూడా ఉన్నారు. లారీ ఆయన పక్కనుంచే పోయింది.

మరుసటేడే గాలి వచ్చింది. కొబ్బరి చెట్లు పడ్డాయి, జీడి తోటలు పోయాయి, వరిచేలో మోకాలి లోతు ఇసక మేట వేసింది. తోట కొట్టించినవాణ్ని ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్లన్నీ మావయ్యకే. గాలి సైంటిస్టు, గాలి మాటలు, గాలి చదువు.

పుండు మీద కారం ఆయనే చల్లుకున్నాడు. తర్వాత్తర్వాత కొలతలు చూస్తే, తగ్గుతుందని లెక్కలు చెప్పిన ఆ పసిఫిక్ గాలి తగ్గలేదు సరికదా, కొన్ని దశాబ్దాలుగా పెరిగినట్టు తేలిందట. ఎందుకన్నది ఇంకా తేలలేదట. దాన్ని టీకొట్టు దగ్గర అందరి ముందూ చెప్పేశాడు.

"ఇప్పుడెందుకు సెప్పినావు మావా? రెండోసారి అబద్ధమాడినావంటన్నారు" అన్నాను, ఏడుపొచ్చి.

"లెక్క తప్పింది. తప్పిందని సెప్పకపోతే మరి నేను సదివిందేటిరా?"

ఆ నిజాయితీ మీద నాకు ఈరోజుకీ కోపమే. దాన్ని అందుకునే చెయ్యి ఊళ్లో ఒక్కటీ లేదని ఆయనకి తెలియాల్సింది. ఆ తర్వాత ఆయన గుమ్మం తొక్కినవాళ్లు లేరు. నేను వెళ్లినప్పుడు మాత్రం, "గాలెటున్నాది?" అనేవాడు. కిందటి నెల వెళ్తే చెయ్యి పట్టుకుని, "లెక్క తప్పినాది, ఒప్పుకున్నాను. గానీ మన గాలి తగ్గుతాదని నేనన్లేదురా. తోట కొట్టీమన్లేదు. అదొక్కటీ నలుగురికీ సెప్పు" అన్నాడు. అందుకే చెబుతున్నాను. ఆయన అనలేదు.

తలకొరివి నేనే పెట్టాను. మా శ్మశానం ఇసక దిబ్బ మీద, ఆ తోట వెనకే ఉండేది. తోట ఉన్నన్నాళ్లూ అక్కడ గాలి తగిలేది కాదు, పొగ నిటారుగా పైకి పోయేది. ఇప్పుడు ముందున్నవి మొద్దులు, వాటి వెనక సముద్రం. కట్టెలు పెద్దమనిషే పంపించాడు, సరుగుడు కట్టెలు. దండ కూడా తెచ్చాడు. "మన ఊరికే పేరు తెచ్చిన మనిషి" అని నాతో అన్నాడు.

చితి అంటుకోగానే సముద్రం మీంచి ఒక్క విసురు వచ్చింది. పొగంతా వంగి పెద్దమనిషి మీద పడింది. ఆయన ఇటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు తిరిగింది. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు కారుతుంటే, దగ్గుతూ అరిచాడు:

"ఒరే, గాలెటున్నాదిరా?"

కుండ పగలగొట్టి పక్కకి వచ్చిన నేను, అలవాటు కొద్దీ, ఆ నీళ్లకి ఇంకా తడిగా ఉన్న వేలు పైకెత్తాను.