మాస్కు తీసి చెప్పాల్సిన మాట

2021 జూన్‌లో నన్ను దర్శి వైపు ఒక ఊరి ప్రభుత్వాసుపత్రికి దంతవైద్యురాలిగా బదిలీ చేశారు. హోదా డెప్యూటీ సివిల్ సర్జన్. కాగితం మీద అది సూపరింటెండెంటు తర్వాతి మెట్టు. ఆచరణలో మాత్రం వరండా చివరి గదిలో ఉన్న ఒక డెంటల్ చైర్‌కీ, ఒక నీళ్ల గొట్టానికీ నేను అధికారిణిని. మిగతా డాక్టర్లు ఒకరి గదిలోకి ఒకరు వెళ్లి టీ తాగుతూ కేసులు మాట్లాడుకుంటారు. పంటి డాక్టరు గదికి అలా ఎవరూ రారు. తమ పన్ను సలిపితే వస్తారు, తగ్గగానే మళ్లీ కనిపించరు.

నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకన్నది ఇక్కడ అనవసరం. ఆసుపత్రికి దగ్గర్లో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. ఆదివారాలు ఒంగోలు బస్సు ఎక్కి వెళ్లొచ్చు గానీ, అక్కడ మాత్రం నా కోసం కాచుకున్నవాళ్లు ఎవరున్నారు? గదిలోనే ఉండి బట్టలు ఉతుక్కునేదాన్ని.

మా ఓపీలో పద్ధతి ఇది. చీటీ రాయగానే మొదట అడిగేది ప్రధాన ఫిర్యాదు, అంటే రోగి తన నోటితో చెప్పే బాధ. తర్వాత ఎన్నాళ్ల నుంచి, ఏం అలవాట్లు, దేంతో పళ్లు తోముతారు. నా సర్వీసులో ఆ మొదటి గడిలో నూటికి తొంభైసార్లు ‘నొప్పి’ అనే రాశాను. రెండో ఏడు మిరప కోతలు మొదలైన జనవరిలో, ఒక మంగళవారం, ‘వాసన’ అని రాయాల్సి వచ్చింది.

ఆమె పేరు కోటమ్మ. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మిరప కోతకు వెళ్లే ముఠాలో కూలి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడవైపు చూస్తూ చెప్పింది.

“నొప్పేం లేదమ్మా. నా నోరు వాసనంట. ఆటో ఎక్కనియ్యట్లా. వాసన పోద్దా?”

ఆటో ఎక్కనివ్వకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. తెల్లారేసరికి ముఠా మేస్త్రి ఒక్కొక్క ఇంటి ముందూ ఆటో ఆపి ఆడవాళ్లను ఎక్కించుకుంటుంది. ఎనిమిదిమంది పట్టే చోట పదిహేనుమంది, ఒకరి భుజం మీద ఒకరి తల. మధ్యాహ్నం గట్టు మీద క్యారేజీలు విప్పి ఒకరి కూర ఒకరు వేసుకుంటారు. కోటమ్మ కూర ఎవరూ వేసుకోవడం మానేశారట. తర్వాత కోతలో ఆమెకు అందరికీ దూరంగా చివరి సాలు ఇచ్చారు. ఇప్పుడు ఆటోయే ఆగడం లేదు. కూలి పోయింది సరే, రోజంతా పలకరించే మనుషులు కూడా పోయారు.

నోరు తెరిపించి చూస్తే కారణం కళ్లెదుటే ఉంది. పళ్ల మొదళ్లలో గార రాయిలా గట్టిపడిపోయింది. పంటికీ చిగురుకూ మధ్య ఎంత లోతు గుంట పడిందో కొలవడానికి గీతలున్న సన్నని కడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని ప్రోబ్ అంటాం. అది తగిలినచోటల్లా నెత్తురు. పొగాకు కాడలు పెనం మీద మాడ్చి, ఆ పొడితో చిగుళ్లు రుద్దుతుందట. ఇక్కడ చాలామంది చేసే పనే. పొగాకు చేతికందేది, పైగా రాయగానే చిగురు మొద్దుబారి సలుపు తెలియదు. తెలియకపోతే తగ్గిందనుకుంటారు. లోపల పుచ్చేది పుచ్చుతూనే ఉంటుంది.

నాలుగు వారాల పని. నోటిని నాలుగు భాగాలు చేసి వారానికొక భాగం చొప్పున గార తీశాను. ఊగుతున్న రెండు పళ్లు పీకేశాను. మెత్తటి బ్రష్షు ఇచ్చి, చిగురు నుంచి పంటి అంచు వైపు ఎలా తోమాలో అద్దం ముందు చేయించాను. పొద్దున ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి. పొగాకు పొడి మానకపోతే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరేనని కోప్పడ్డాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, మా వృత్తిలో అది మరీ ఎక్కువ. ఎదుటివాళ్ల నోట్లో మన చెయ్యి ఉంటుంది, వాళ్లు జవాబు చెప్పలేరు.

ప్రతి వారం కుర్చీ దిగుతూ ఒకటే ప్రశ్న. “పోయిందామ్మా?”

నాలుగో వారం చిగుళ్లు గులాబి రంగుకు వచ్చాయి, నెత్తురు లేదు. బయట ఇంకా పదిమంది ఉన్నారు. “పోయింది, ఇక నిశ్చింతగా ఎక్కు ఆటో,” అన్నాను. కరోనా దగ్గర్నుంచీ నేను ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు వేసుకునేదాన్ని. ఆ రెండింటి వెనక నుంచి నాకు ఫినాయిల్ వాసన కూడా తెలిసేది కాదు. ఆ సంగతి నాకు తట్టనైనా తట్టలేదు.

పది రోజుల తర్వాత ముఠా మేస్త్రి రమణమ్మ తన దవడ పన్ను చూపించుకోవడానికి వచ్చింది. కోటమ్మ ఎలా ఉందని అడిగాను. రమణమ్మ నవ్వింది.

“బాగా చెప్పారు మేడం మీరు! డాక్టరమ్మ పోయిందని చెప్పిందంటూ దర్జాగా మధ్యలో కూచుంది. రెండు మైళ్లు పోకముందే ఆడోళ్లంతా గోల. ‘ఎవరి కంపు వాళ్లకి ఇంపు, దీనికేం తెలుసుద్ది’ అని ఒకటే నవ్వులు. పొగాకు కాల్చే బ్యారన్ కాడ ఆపి దింపేశా. నేనేం చేసేది? పదిహేనుమంది మాట కాదనగలనా?”

నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడి నుంచి ఆమె ఇంటికి నడిచి వెళ్లిందట. అప్పటి నుంచి గడప దాటలేదట. అటెండరు చేత రెండుసార్లు కబురు పంపాను, రాలేదు. ఆదివారం మధ్యాహ్నం నేనే వెళ్లాను. ముప్పై ఏళ్ల సర్వీసులో రోగి ఇంటికి వెళ్లడం అదే మొదలు.

ఒక గది రేకుల ఇల్లు. కిటికీ దగ్గర గ్లాసులో నేనిచ్చిన బ్రష్షు ఉంది, కుచ్చు పక్కలకు వాలిపోయి. ఎంత గట్టిగా తోముతోందో దాన్ని చూస్తేనే తెలుస్తోంది. కోటమ్మ నన్ను చూసి లేచి నిలబడి, కొంగు నోటికి తెచ్చుకుంది.

“మీరు చెప్పారనే గదమ్మా ఎక్కింది. ఉంటే ఉందని చెప్పొచ్చుగా? నాది నాకు తెలవదాయె. ఇంట్లో ఇంకో మనిషుంటే, ముందు పోయి నోరు కడుక్కోవే అని మొహానే అంటారు. నాకు అనేవాళ్లెవరు?”

తప్పు నాదేనన్నాను. నా మాస్కులు తీసేసి, ఆమెను కొంగు తీసి నా వైపు తిరిగి నెమ్మదిగా గాలి వదలమన్నాను. ఇది నా సొంత తెలివేం కాదు, మా పుస్తకాల్లో ఉన్న పరీక్షే. పరికరం డాక్టరు ముక్కు, దూరం జానెడు. చదువుకున్నాను, పరీక్షలో రాశాను, ఎప్పుడూ చేయలేదు. ఆమె భయపడుతూ వదిలింది.

“ఉంది,” అన్నాను.

ఆమె ఏడవలేదు. “ఆఁ, అట్టా చెప్పండి,” అని పీట వాల్చింది.

అప్పుడు నాలుక చాపమంటే తెల్లగా, సున్నం పూసినట్టు ఉంది. కోతల కాలంలో ఈ ఆడవాళ్లు నాలుక గీసుకోరట. గీస్తే మిర్చి ఘాటుకు మండిపోతుందని. పైగా చేలో చాటుకు వెళ్లడానికి చోటుండదని పొద్దున్నుంచి మునిమాపు దాకా గుక్కెడు నీళ్లు ముట్టరు. మిరప కోరు, అంటే ఆ ఘాటు దుమ్ముకు ముక్కు మూసుకుపోయి నోటితోనే గాలి పీలుస్తారు. నోరు ఎండిపోతుంది. ఇంట్లో కూర్చున్నా కోటమ్మకు ఆ అలవాట్లు పోలేదు. తడి లేని నోట్లో పళ్లు ఎంత తోమినా వాసన పోదు. నాలుగు వారాలు చిగుళ్లు కొలిచిన నేను ఆ నాలుకను ఒక్కసారి చాపమనలేదు, నీళ్లు తాగుతున్నావా అని ఒక్కసారి అడగలేదు.

కోతకు వెళ్లే ముందు కాకుండా, రాత్రి పడుకోబోయే ముందు మెత్తగా నాలుక గీసుకోమన్నాను. చేలో నీళ్లు తాగమని, చాటు సంగతి రమణమ్మతో నేను మాట్లాడతానని చెప్పాను. మాట్లాడాను కూడా. గట్టున నాలుగు కర్రలు పాతి పాత చీర కట్టించడానికి ఆమె మొదట గొణిగింది. మిగతావాళ్లను అడిగితే ముఠాలో అందరూ తమకూ కావాలన్నారట.

మూడు వారాలకు కోటమ్మ ఓపీకి వచ్చింది. నేను రెండు మాస్కులూ తీసి పక్కన పెట్టి, జానెడు దూరంలోకి వంగాను.

“లేదు.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆమె కుర్చీ దిగలేదు. నన్నే చూస్తూ, “మరి మీ సంగతి నేను చెప్పేదా? ఏమనుకోరుగా?” అంది. చెప్పమన్నాను.

“మీ పళ్లకేం, బాగున్నయ్యి. కడుపు మాడిన వాసనమ్మా. పొద్దున్నించి ఏం తిన్లేదు మీరు, నీళ్లు కూడా తాగినట్టు లేదు. ఇంట్లో అడిగేవాళ్లు లేరా?”

నిజమే. పొద్దున ఒక టీ తాగి వచ్చి, తొమ్మిది నుంచి రెండింటి దాకా మాస్కులు తీయకుండా పనిచేసేదాన్ని. ఎన్నేళ్లుగా అలా ఉందో నాకు తెలియదు. లేరని చెప్పి, తర్వాతి చీటీ అందుకున్నాను.

మరుసటి వారం నుంచి కోటమ్మ ముఠాతో కోతకు వెళ్లింది. రిటైరయ్యేదాకా నా కేస్ షీట్లలో ‘ఇంట్లో ఎవరెవరుంటారు’ అన్న ప్రశ్న ఒకటి చేర్చాను. ఒంటరివాళ్లైతే మాస్కు తీసి పరీక్ష చేశాను. పళ్లు రెండు పూటలా తోముకోవడం, నాలుక గీసుకోవడం, నోరు తడిగా ఉంచుకోవడం ఎవరికి వారు చేసుకోగలిగిన పనులు. శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి మాత్రం జానెడు దూరంలో ఇంకో మనిషి కావాలి. నాకు అంత దగ్గరకు వచ్చి ఆ మాట చెప్పింది కోటమ్మ ఒక్కతే. ఇప్పుడు నాది ఎలా ఉందో నాకు తెలియదు.